అబర్డీన్ బజారులో మా విజయనగరం

మొన్న మా పోర్ట్ బ్లెయిర్‌లోని గరాచర్మలో టౌను బస్సెక్కి, టిక్కెట్టు కొట్టే కుర్రాడితో ఏదో ధ్యాసలో "కోటా కే పాస్ రోక్‌నా భయ్యా" అని, కోట దగ్గర ఆపమనేశాను. పాపం, వాడు తెల్లమొహం వేశాడు. పక్కనున్న నా మనవడేమో "సెల్యులార్ జైల్ బోలో నా దాదీ!" అంటూ పొట్ట పట్టుకుని నవ్వాడు. ఏం చెయ్యను, అరవై దాటినా నాకు ఆ జైలు కోటే, అబర్డీన్ బజారులోని ఘంటాఘర్ గంటస్తంభమే. ఈ రోగం మా అమ్మమ్మ అంటించింది.

తాతయ్య చేపల వేటకని ఈ దీవులకొస్తే ఆయన వెంట వచ్చిన అమ్మమ్మ, ఆయన పోయాక మిన్నీ బేలో మాతోనే ఉండేది. తాను పుట్టి పెరిగింది రాజులేలిన విజయనగరంలోనని, అదీ కోట పక్క సందులో మూడో ఇల్లని చెప్పుకుని మురిసిపోయేది. శనివారం కూరలకని నన్ను బజారుకి తీసుకెళ్లి, గడియారం స్తంభం కింద నిలబెట్టి, ఆ ఊరినంతా ఈ ఊరి మీద పరిచేసేది. ఇది గంటస్తంభం, తిన్నగా పోతే మూడు లాంతర్ల కూడలి (నిజానికి మా బజారులో ఆ చోట ఉన్నది పకోడీల దుకాణం), దాని దగ్గరే పైడితల్లమ్మ గుడి, ఆపైన గట్టు మీద కనిపించే జైలు గోడలే కోట. సిరిమాను పండగనాడు పొడుగాటి చింతమాను చివర పూజారి కూర్చుని ఆకాశంలో ఊగుతూ కోట దాకా వస్తే రాజుగారు బురుజు మీంచి చూసేవారని, అక్కడ పాట నేర్పడానికే ఒక కాలేజీ ఉందని చెబుతుంటే, కూరల సంచీ బరువు కూడా తెలిసేది కాదు. రెండో తరగతిలో టీచరమ్మ జైలు బొమ్మ చూపించి ఇదేమిటని అడిగితే, మా రాజుగారి కోటని లేచి చెప్పి క్లాసంతటినీ నవ్వించిన ఘనత నాది.

మా నాన్న మాత్రం అవన్నీ అత్త కోతలని కొట్టిపారేసేవాడు. నాకు పన్నెండేళ్లప్పుడు, అమ్మమ్మ చెల్లెలి ఇంట్లో పెళ్లికని ఓడెక్కి విశాఖ వెళ్లాం. మోకాళ్ల నొప్పులతో అమ్మమ్మ రాలేకపోయింది. పెళ్లయ్యాక విజయనగరం చూపించమని నేను పట్టుబడితే, నాన్న ఒక షరతు పెట్టాడు: ఎవరినీ దారి అడగకుండా, అమ్మమ్మ చెప్పిన గుర్తులతోనే ఆ ఇల్లు నేను పట్టుకోవాలి. చిన్నమ్మమ్మ కూడా మాతో బయల్దేరింది. అమ్మమ్మ పరువంతా నా నెత్తిన పెట్టుకుని గంటస్తంభం దగ్గర నడక మొదలుపెట్టాను.

ఎంత సంబరమో! మూడు లాంతర్లు చెప్పిన చోటే ఉన్నాయి, అమ్మవారి గుడి ఉంది, కోట ఉంది. కాకపోతే కోటలో రాజుల బదులు పుస్తకాలు పట్టుకున్న కాలేజీ పిల్లలు తిరుగుతున్నారు. అత్త కోతలన్న నాన్న మాట తప్పయింది. కానీ కోట పక్క సందు మాత్రం ఎంత తిరిగినా దొరకలేదు. నాన్న మీసాల్లో నవ్వు మొలుస్తోంది, నాకు ఏడుపొచ్చేస్తోంది. అప్పుడు చిన్నమ్మమ్మ నన్ను పక్కకి లాగి గుసగుసలాడింది.

"ఇల్లేటే గుంటా, దాని బొంద! మాం పుట్టింది సముద్రం వొడ్డున పేటలోనే. మా అయ్య మీ అమ్మమ్మని బుజాల మీద కూకోబెట్టి ఒక్క రోజు సిరిమాను సూపించి, పొద్దు గూకకముందే ఇంటికి తెచ్చీసినాడు."

ఒక్క రోజు! ఒక్క పూట చూసిన ఊరిని అమ్మమ్మ అన్నేళ్లూ సందులతో సహా కాపాడుకుంది. నాకు కోపం రాలేదు, ముద్దొచ్చింది. పరుగెత్తుకెళ్లి, ఇల్లు పడగొట్టేశారంట నాన్నా అని చెప్పాను. చిన్నమ్మమ్మ కూడా ఔనౌనంటూ తల ఊపింది. ఇల్లు పోతే పోయింది, దారంతా అత్త చెప్పినట్టే ఉందని నాన్న ఒప్పేసుకున్నాడు.

తిరిగొచ్చి చాతం జెట్టీలో ఓడ దిగేసరికి అమ్మమ్మ అక్కడ నిలబడి ఉంది. పరీక్ష రాసిన పిల్లలా నా మొహంలోకే చూసింది. ఊరంతా నువ్వు చెప్పినట్టే ఉందని, ఇల్లు మాత్రం పడగొట్టేశారని చెబితే, నన్ను గట్టిగా పట్టుకుని నవ్వింది, కళ్లు తుడుచుకుంది. ఆ శనివారం గంటస్తంభం కింద నేను చెప్పాను, ఆవిడ వింది. రాజుల కోటలో ఇప్పుడు పిల్లలు చదువుకుంటున్నారంటే ఎంత పొంగిపోయిందో.

ఇప్పుడు పకోడీల దుకాణం లేదు, అక్కడ సెల్‌ఫోన్లు అమ్ముతున్నారు. గంటస్తంభమంటే తెలిసినవాళ్లు ఇంట్లో నేనొక్కదాన్నే మిగిలాను. మనవడికి తెలుగు మాటలొచ్చు గానీ అక్షరాలు రావు. పోర్ట్ బ్లెయిర్ పేరు కూడా మారింది. బస్సు దిగాక కొత్త బోర్డు మీద హిందీలో ఉన్న పేరును వాడే చదివి వినిపించాడు, శ్రీ విజయపురం అని. నగరమైతేనేం, పురమైతేనేం, అమ్మమ్మ ఎప్పుడో పెట్టిన పేరు ఇన్నాళ్లకి సర్కారువాళ్లకి తట్టిందని నవ్వుకున్నాను. వినడానికి ఆవిడే లేదు.

వాణ్ని గంటస్తంభం కింద నిలబెట్టి ఆ ఊరి గుర్తులన్నీ చెబుతుంటే, నువ్వు ఆ ఊళ్లో ఎన్నేళ్లున్నావు దాదీ అని మనవడడిగాడు. నేను చూసిందీ ఒక్క రోజే.

"పుట్టి పెరిగింది అక్కడే నాన్నా," అన్నాను, "కోట పక్క సందులో, మూడో ఇల్లు."