సారమ్మ నోరు మూసుకున్న పద్దెనిమిది నిమిషాలు

గుఢియారీ తెలుగు బస్తీలో సారమ్మ నర్సు సలహా అందని గడప లేదు. పలకరిస్తే చాలు, బీపీ నుంచి అత్తాకోడళ్ళ పోరు దాకా మందు చెప్పేసేది. అలాంటి మనిషి యాభై మూడేళ్ళ వయసులో కౌన్సెలింగ్ కోర్సులో చేరింది. సర్టిఫికెట్ వస్తే వార్డులో పరుగులు పోయి కుర్చీ ఉద్యోగం వస్తుంది. ఆమె మోకాళ్ళకి ఆ కుర్చీయే పరలోకం.

కోర్సు చెప్పే శిల్ప మేడం మొదటిరోజే నోటికి తాళం వేసింది. "ఎదిగే శక్తి మనిషిలోనే ఉంటుంది. తప్పొప్పులు ఎంచకుండా వినండి, దారి వాళ్ళే వెతుక్కుంటారు. పరీక్షకి ఒకరి గోడు వింటూ ఇరవై నిమిషాలు రికార్డు చేసి తేవాలి. సలహా ఇచ్చారా, ఫెయిల్!"

సారమ్మ పక్కింటి మల్లేశ్వరరావుని పట్టుకొచ్చింది. గూడ్సు బండ్లు నడిపి మొన్ననే రిటైరయ్యాడాయన. ఫోను ఆన్ చేసింది.

"పొద్దున్నే లేచి ఏం చెయ్యాలో తోచట్లేదు సిస్టరమ్మా."

'వాకింగుకెళ్ళండి' పెదవుల దాకా వచ్చింది. మింగేసింది. "తోచట్లేదన్నమాట."

"అదే కదా! ఇంట్లో నేనొక ఫాల్తూ సామాన్. మా ఆవిడ నా చుట్టూ ఊడ్చుకుపోతోంది."

"మిమ్మల్ని సామానులా చూస్తున్నారని బాధ."

ఆయన కళ్ళు చెమర్చాయి. అరే, ఇంతవరకూ ఎవరూ ఇలా వినలేదన్నాడు. పదిహేనో నిమిషానికి, "కొత్త డ్రైవర్లకి పాఠాలు చెప్తే ఎలా ఉంటుంది? చూశారా, నాకే తట్టింది!" అని తొడ చరిచాడు. సారమ్మకి గంతెయ్యాలనిపించింది. తను నోరు మూసుకుంటే లోకం బాగుపడుతుందని భర్త రత్నం పాతికేళ్ళుగా మొత్తుకుంటున్నా నమ్మలేదు!

పద్దెనిమిదో నిమిషంలో ఆయనకి చెమటలు పట్టాయి. "చేతులు వణుకుతున్నాయమ్మా."

"వణుకుతున్నట్టు అనిపి…" సారమ్మ ఆగింది. "అన్నయ్యగారూ, ఇన్సులిన్ పొడుచుకుని టిఫిన్ తిన్నారా?"

"పొడుచుకున్నా. మీరు పిలిచారని తినకుండానే…"

"బుద్ధుందా! బస్, ఇక చాలు, మాట్లాడకండి, తాగండి!" గ్లాసులో పంచదార గిలకొట్టి తాగించింది. ఆయన తేరుకునేలోపు పదకొండు సలహాలు కురిపించింది. తర్వాత చూస్తే ఫోను ఇంకా నడుస్తోంది. చేజారిన కుర్చీ గుర్తొచ్చి మోకాళ్ళు ఒక్కసారి సలిపాయి.

"చెరిపేసి మళ్ళీ చేద్దామమ్మా," అన్నాడాయన.

"దేవుడు కూడా విన్నాడు కదండీ," అని ఉన్నదున్నట్టే ఇచ్చేసింది.

శిల్ప మేడం వింటూ పొట్ట పట్టుకుని నవ్వింది. "ఈ పద్ధతి మనసు దిగులుకి పనిచేస్తుంది. షుగర్ పడిపోతే పనికిరాదు. ఎక్కడ ఆపాలో తెలిసింది, పాస్! కానీ 'మీ ఆవిడకి చీర కొనండి' అన్న పదకొండో సలహాకి మార్కులు కోశాను."

"అది అవసరమే మేడం. మీరు కూడా కాస్త వేళకి తిని…" అని సారమ్మ రెండు చేతులతో నోరు మూసుకుంది.