కత్తి పట్టిన మేక

అబూధాబీ పక్కన ముసఫ్ఫాలో ప్లానింగ్ ఇంజనీరు ఉద్యోగం వెలగబెడుతున్న ఉమాపతి గారి అసలు వృత్తి లోకంలోని వింతల్ని పోగేయడం. రంపంతో వాయించిన పాటలు, కిరీటాలు పెట్టుకున్న పిల్లుల చిత్రపటాలు, ఇంటర్నెట్‌లో ఏది దొరికినా తన బ్లాగులో శాస్త్రోక్తంగా ప్రతిష్ఠించేవారు. 2006లో ఆ కొలువులో ఒక మేక చేరింది. లేబర్ క్యాంపు దగ్గర మాంసం కొట్టు బోర్డు మీద, కత్తి చేతబట్టి నవ్వుతున్న మేక అది. ఫోటో తీసి "పిచ్చి బొమ్మలు" అనే శీర్షిక కింద పెట్టగానే దేశదేశాల రసికులు ఇంగ్లీషులో పడీపడీ నవ్వారు. ఉమాపతి గారూ తన వంతు ఒక జోకు జోడించారు.

వారం తిరక్కుండానే కంపెనీ పెయింటరు హయాత్ బాషా వచ్చి టేబుల్ దగ్గర నిలబడ్డాడు.

"సార్, నా మేకను ఇంటర్నెట్‌లో పెట్టినారంట. స్టోర్ కీపర్ చూపించినాడు."

ఆ బొమ్మ బాషా సెలవు రోజుల్లో వేసిందని ఉమాపతి గారికి అప్పుడే తెలిసింది.

"కింద శానామంది రాసినారే. ఏమంటుండారు సార్?"

"బాగుందంటున్నారు బాషా," అన్నారు, కంప్యూటర్ మీంచి కళ్లు తిప్పకుండా.

"ఇంటికి ఫోన్ చేసి చెప్పేసినా. సాయంత్రం మా పాప కడపలో నెట్ సెంటరుకు పోయి చూస్తాదంట. దానికి ఇంగ్లీషు బాగొచ్చు సార్."

బాషా వెళ్లాక ఉమాపతి గారు శీర్షిక మార్చారు. కామెంట్లన్నీ తుడిచేశారు, ముందు తనది. మేక కింద బోసిగా కనబడింది. చేసేది లేక, పారిస్ చిత్రకారుడొకరి పేరు కల్పించి, ఆ పేరుతో తనే మొదటి పొగడ్త రాయడం మొదలుపెట్టారు. బొమ్మను చూస్తూ రాద్దామనుకున్నారు గానీ, ఆ మేక మొహం చూడలేకపోయారు.