ఉప్పు వేయని నిమ్మరసం

తిరుమణి నుంచి పావగడ వెళ్ళే బస్సులో నా పక్కన కూర్చున్న పెద్దావిడ ఒక చిన్న సీసాను ఆపకుండా కుదుపుతూనే ఉంది. ఆ చప్పుడుకు ఒళ్ళో నిద్రపోతున్న మా పాప లేస్తుందేమోనని నా భయం.

"ఆపితే నూనె పైకి తేలిపోతాదమ్మా" అంది. "మా కూతురు సోలార్ పార్కు గెస్ట్‌హౌసులో వంట చేస్తా ఉన్నింది. ఇది గ్రీకోళ్ళు కీరకాయల మింద పోసుకునేదంట. ఆడ నేర్చుకున్నప్పట్నించి నా పులుసుకు వంకలే వంకలు! ఇప్పుడు ఆస్పత్రిలో ఏం పెట్టినా నోరు తెరవదు. నువ్వు సదువుకున్నదాని మాదిరుండావు, రుచి చూసి చెప్పు. ఇట్లే ఉంటాదా?"

నా అరచేతిలో రెండు చుక్కలు పోసింది. శనగనూనె, నిమ్మరసం, వెల్లుల్లి, నలిపిన వామాకు. బెంగుళూరులో చదువుకునేటప్పుడు తిన్నదానికి దగ్గరగానే ఉంది.

"ఉప్పు మర్చినట్టుండావు పెద్దమ్మా."

"మర్చిపోలే. డాక్టర్లు వద్దన్నారు. అందుకే ఇంకొక నిమ్మకాయ పిండినా. ఉప్పు లేదని కనిపెడతాదంటావా?"

అంతలో ఆస్పత్రి స్టాపు వచ్చింది. ఆమె సీసా కుదుపుతూనే దిగిపోయింది.

ఇప్పుడు మా పాపకు కీరముక్కల మీద అదే కలిపి పోస్తున్నాను. ఉప్పు వేసే ముందు ప్రతిసారీ ఒక చుక్క నాలుక మీద వేసుకుంటాను. ఎన్ని నిమ్మకాయలు పిండినా ఉప్పు లేదని తెలిసిపోతూనే ఉంది.