మా అమ్మకు మతి ఉందని చెప్పిన మనిషి

పోయిన బుధవారం పొద్దున నా భార్య చనిపోయింది. మూడు రోజుల జ్వరం. ఆమె అయిదో తరగతి వరకే చదివింది. వైద్యం ఎక్కడా నేర్వలేదు. అయినా గిద్దలూరు చుట్టుపక్కల ముసలివాళ్లున్న ఇళ్లలో ఆమెను ఎరగనివారు తక్కువ. ఎందుకో చెప్పాలి.

అది మా ఇంట్లోనే మొదలైంది. మా నాయన పోయాక అమ్మను రాచర్ల నుంచి తెచ్చుకున్నాను. అప్పటికి నేను గిద్దలూరు బోర్డు స్కూల్లో పంతులును. అమ్మ మేపుకునే మేకలను అక్కడే అమ్మేశాను. కూర్చోబెట్టి అన్నం పెడితే అమ్మ సుఖపడుతుందనుకున్నాను. ఆరు నెలలకు ఆమె మాట తగ్గింది. ఎప్పుడైనా ఎసరు పెడితే మరిచిపోయేది. గోడవైపు తిరిగి కూర్చునేది. మతి చెడిందని నేనే తీర్మానించుకున్నాను. మద్రాసులో చదివినవాణ్ణి, అక్కడ పిచ్చాసుపత్రి ఉందని తెలుసు. డాక్టరు కాగితం రాసిస్తే చేర్చుకుంటారని విన్నాను.

డాక్టరు మా ఇంటికే వచ్చాడు. మంచివాడే. ఇది ఇంగ్లీషు నెలల్లో ఏ నెల అని అడిగాడు, దేశానికి రాజెవరని అడిగాడు. అమ్మ పలకలేదు.

"పోనీ అవ్వా, మీ ఆయన పేరేంది?"

అమ్మ కొంగు తలమీదికి లాక్కొని నేలవైపు చూసింది. డాక్టరు కలం తీశాడు.

తలుపు పక్కన నిలబడ్డ నా భార్య అప్పుడు నోరు తెరిచింది.

"ఆగండయ్యా. మా మామతో నలభై ఏండ్లు కాపురం చేసింది, ఒక్కనాడు ఆయన పేరు పలకలేదు. ఇప్పుడు కొడుకు ముందర, పరాయి మనిషి అడిగితే చెప్తుందా? నన్నడిగినా చెప్పను."

డాక్టరు నవ్వాడు. "మరి మతి ఉందో లేదో ఎట్ల తెలిసేదమ్మా?"

"ఆమెకు తెలిసింది అడగాల." అత్త పక్కన కూర్చుంది. "అత్తా, మన ఎర్రమేకను యాడ కొన్నారు?"

అమ్మ తల ఎత్తి గొంతు విప్పింది.

"బేస్తవారిపేట సంతలో. ఆ పొద్దు మీ మామ చెప్పులు యాడనో పోగొట్టుకున్నాడు. అది నడవనని మొరాయిస్తే ఎత్తుకొని, ఉత్తకాళ్లతో వచ్చినాడు. నువ్వు మేకను తోలుకొచ్చినావా, మేక నిన్ను తోలుకొచ్చిందా అన్నా."

అమ్మ నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది. నాయన పోయాక ఆమె ఏడవడం అదే మొదలు.

"ఇది మతిమరుపు కాదయ్యా," అంది నా భార్య. "దిగులు."

డాక్టరు రాయని కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఆయన వెళ్లాక ఆమె నాతో మెల్లగా అంది: "పనంతా చేతిలోంచి లాగేసుకున్నారు. ఇంక దేన్ని గుర్తు పెట్టుకోమంటారు?" మరునాడే ఒక మేకను తెచ్చాను. అమ్మ వారంలో బాగుపడలేదు. ఏడాది పట్టింది.

ఆ సంగతి పాకింది. "మా నాయనకు మతి ఎట్లుందో చూడమ్మా" అని జనం పిలుచుకుపోయేవారు. మొదట వెనకనుంచి పిలిచి చూసేది, చెవుడేమోనని. తిండి, నిద్ర కనుక్కునేది. ఇంట్లోవాళ్లు జవాబు అందిస్తే, "పరీక్ష నీకా, ఆయనకా?" అని బయటికి పంపేది. నిజంగా మతి జారిన మనిషైతే ఆ మాట దాచేది కాదు. "గసిరితే తిరిగిరాదు. పడక మార్చొద్దు, గిన్నె మార్చొద్దు," అని చెప్పి వచ్చేది. ఒకసారి పొరపడింది. దిగులేనని చెప్పిన పెద్దాయన కొన్నాళ్లకు సొంత ఇంటి దారి తప్పాడు. ఆమె మళ్లీ ఆ ఇంటికి నడిచి వెళ్లి, "నేను తప్పు చెప్పినా," అని చెప్పి వచ్చింది. బి.ఏ. చదివిన నేను ఆ మాట ఎవరితోనూ అనలేదు, అమ్మతో కూడా.

బుధవారం పొద్దున బంధువులు నన్ను పక్కకు పిలిచారు. "ముసలామెకు చెప్పొద్దు. కోడలంటే పానం. ఈసారి మతి నిలవదు," అన్నారు. నాకూ భయం వేసింది. అయినా వెళ్లి చెప్పాను. అమ్మ చెయ్యి చాపింది.

"మూడు దినాలుగా బిడ్డకు తల దువ్వలేదు. ఆ దువ్వెన ఇయ్యి నాయనా."

గోడ పట్టుకొని వచ్చి, కోడలి తల ఒళ్లో పెట్టుకుంది. జ్వరంలో జుట్టంతా చిక్కుపడింది. ఎవరో తొందరపెట్టారు. అమ్మ వినిపించుకోలేదు. కుదుళ్లు లాగకుండా వేళ్లతో అదిమిపట్టి, కొసల నుంచి మొదలుపెట్టి, ఒక్కొక్క చిక్కే తీసింది.