నా ఫొటో పెట్టి అమ్మిన లేపనం

ఆ పొద్దున ల్యాబ్‌లో పనిలో ఉండగా గేటు దగ్గర్నుంచి సెక్యూరిటీ ఆయన ఫోన్ చేశాడు.

"మేడం, ఎవరో మొగుడూ పెళ్ళాం వొచ్చేరండి. కేన్సర్ మందు కోసమట. ఎంత సెప్పినా కదల్డం నేదు."

"ఇది ఆసుపత్రి కాదని చెప్పండి" అన్నాను.

"సెప్పేనండి. మీ ఫొటో సూపిత్తన్నారు."

గ్లౌజులు తీసి పారేసి గేటు దగ్గరికి నడిచాను. ఆయనకు యాభై దాటి ఉంటాయి. ఒక కాలికి చెప్పుంది, రెండో కాలికి పాత లుంగీ గుడ్డ చుట్టుకున్నాడు. సబ్బవరం దగ్గర ఇల్లట. అచ్యుతాపురంలో ఒక ఫ్యాక్టరీలో కాంట్రాక్టు లేబరు. మాటలన్నీ ఆయన భార్యవే. ఆమె తన ఫోన్ నా ముఖం ముందు పెట్టింది. అందులో ఒక షాపు, షాపు మీద ఫ్లెక్సీ, ఫ్లెక్సీలో నేను. తెల్లకోటు వేసుకుని నవ్వుతున్నాను. పక్కన ఎర్రటి అక్షరాల్లో 'విశాఖ శాస్త్రవేత్త నిరూపించిన క్యాన్సర్ లేపనం. ఆపరేషన్ అవసరం లేదు' అని ఉంది.

"ఆనందపురం జంక్షన్లోనండి" అందామె. "రెండు నెల్ల నుంచి రాత్తన్నాం. తగ్గడం నేదు. ఆడు కల్తీ సేసి అమ్ముతన్నాడేమోనని నా అనుమానం. కనిపెట్టింది మీరే కదా, అసలుది మీకాడుంటదని వొచ్చేం. కొంచెం ఇప్పించండమ్మా."

ఆ ఫొటో ఎక్కడిదో నాకు తెలుసు. మా పరిశోధన ఒకటి అచ్చయినప్పుడు మా సంస్థ వాళ్ళు విలేకరుల్ని పిలిచారు. నేను చేసే పని చెప్పడానికి అంత కష్టమైనదేం కాదు. మన ఒంట్లో ప్రతి కణంలోనూ జన్యువులన్నీ ఉంటాయి. ఏది పలకాలి, ఏది నోరు మూసుకోవాలి అన్నదే తేడా. చర్మకణాల్లో కొన్ని జన్యువుల నోరు నొక్కి ఉంచే ప్రోటీను ఒకటుంది. దాన్ని ఎలుకల చర్మంలోంచి తీసేస్తే, ఆ కణాలు ప్రమాదం వచ్చిందని కేక పెట్టినట్టు రోగనిరోధక కణాల్ని పిలుస్తాయి. అవి వచ్చి కొన్ని క్యాన్సర్ గడ్డల్ని పెరగనివ్వలేదు. అంతే మేము చూసింది. అవే ఎలుకలు ఒళ్ళంతా గోక్కుని గోక్కుని, బొచ్చు ఊడి, చర్మం రేగిపోయి బాధపడ్డాయి. అదీ చెప్పాను. ఎలుకల్లో, ఎలుకల్లో అని నోరు నొప్పెట్టేలా చెప్పాను. తెల్లారి పేపర్లో 'క్యాన్సర్‌కు విశాఖ చెక్!' అని వేశారు. వార్త మొత్తం వెతికినా ఒక్క ఎలుక కనపడలేదు. విలేకరికి ఫోన్ చేస్తే, "ఎలుకలంటే ఎవరు చదువుతారు మేడం" అని నవ్వాడు.

"గుడ్డ విప్పండి" అన్నాను ఆయనతో.

అరికాల్లో, బొటనవేలి మొదట్లో, నల్లటి మచ్చ. అంచులు ఎటుపడితే అటు పాకి ఉన్నాయి. మధ్యలో పుండు పడింది. దాని మీద పచ్చగా ఎండిపోయిన మందు. నేను డాక్టర్ని కాను. కానీ ఇరవై ఏళ్ళుగా చర్మం క్యాన్సర్ల మీదే పనిచేస్తున్నదాన్ని, అదేమిటో నాకొకరు చెప్పక్కర్లేదు. వాళ్ళకీ తెలుసు. పెద్దాసుపత్రిలో ముక్క తీసి పరీక్ష చేశారు, పాదం ముందుభాగం తీసేయాలన్నారు, ఆపరేషన్‌కి రమ్మన్నారు. వీళ్ళు వెళ్ళలేదు.

"ఎందుకెళ్ళలేదు?" అని అరిచాను. రోడ్డు మీద పోయేవాళ్ళు ఆగి చూశారు.

ఆయన మొదటిసారి నోరు విప్పాడు. "పాదం కోసీసినాక నాను నిల్చోని పని సెయ్యగల్నా మేడం? కొయ్యకుండానే తగ్గిపోద్దని మీ బొమ్మేసి సెప్తంటే, కోయించుకోడానికి ఎవుడెల్తాడు?"

అది ఎలుకల్లో మాత్రమేనని, ఆ లేపనానికీ నాకూ ఏ సంబంధమూ లేదని చెప్పాను. ఆయన శ్రద్ధగా విన్నాడు. "ఎలక్కి తగ్గిందంటన్నారు కదా. మరి మనిసికెందుకు తగ్గదేటి?" అన్నాడు. దానికి జవాబు చెప్పాలంటే నాకు సగం రోజు పడుతుంది, ఆయనకంత వ్యవధి లేదు. తెలిసిన సర్జన్‌కి ఫోన్ చేసి, ఇద్దర్నీ నా కారులో ఎక్కించుకుని పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాను. ఆ సాయంత్రమే చేర్చుకున్నారు. అప్పటికే గజ్జల్లో బిళ్ళ తగులుతోంది.

మర్నాడు మా డైరెక్టరు గదికి వెళ్ళి జరిగిందంతా చెప్పాను. ఆ వార్త తప్పని సంస్థ తరఫున ప్రకటన ఇవ్వాలన్నాను.

"ఎందుకమ్మా గొడవ?" అన్నారాయన. "ఎప్పుడూ లేనిది మన పేరు పేపర్లో వచ్చింది. ఇప్పుడు మనమే కాదంటే ఏం బాగుంటుంది? ఎవడో చిల్లర వ్యాపారి. నాలుగు రోజులు పోతే వాడే తీసేస్తాడు."

ఆయన టీ తెప్పించారు. నేను తాగలేదు. ఆ గదిలోంచి బయటికొచ్చి పేషెంటు భార్యకు ఫోన్ చేసి షాపు ఎక్కడో కచ్చితంగా చెప్పమన్నాను. "నానూ వొత్తాను మేడం" అంది. భర్త దగ్గర కూతుర్ని కూర్చోబెట్టి వచ్చింది.

ఇద్దరం ఆనందపురం వెళ్ళాం. షాపతను నన్ను చూడగానే లేచి నిలబడ్డాడు. భయపడతాడనుకున్నాను. ముఖం వెలిగిపోయింది.

"మేడం! మీరేటి, మా షాపుకి! ఓలమ్మ, నా అదృష్టం. కుర్సీ ఎయ్యండ్రా! మేడం, ఒక్క సెల్ఫీ."

ఫోన్ తీసి నా పక్కకొచ్చేశాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ ఫోన్ లాక్కుని కౌంటర్ మీద కొట్టాను.

"ఫ్లెక్సీ దించు."

"అదేటి మేడం, మీకు పబ్లిసిటీయే కదా. కావాలంటే మాటాడుకుందాం. మీరు కూడా మనిసే, మీకూ ఇళ్ళూ వాకిళ్ళూ ఉంటాయి..."

నేను ఏం మాట్లాడుతున్నానో నాకే తెలియలేదు. నా జీవితంలో వాడని మాటలు వాడాను. జనం మూగారు, ఫోన్లు పైకి లేచాయి. ఈలోగా పేషెంటు భార్య షట్టర్ దించే కొక్కెం కర్ర తీసుకుని బయటికెళ్ళింది. ఫ్లెక్సీకి ఒక మూల తగిలించి ఒక్క లాగు లాగింది. నా ముఖం సగానికి చిరిగి కిందికి వేలాడింది. ఇంకో లాగుతో మొత్తం ఊడి రోడ్డు మీద పడింది. ఆమె దాని మీద నిలబడి, "నా మొగుడు కాలు తెచ్చిత్తావేట్రా!" అని అరిచింది. అప్పుడతను లోపలికెళ్ళి తలుపేసుకున్నాడు.

మా ఇద్దరి వీడియో వాట్సాప్‌లో ఊరంతా తిరిగింది. 'మహిళా శాస్త్రవేత్త వీరంగం' అని దానికో పేరు. సంస్థ పరువు తీశానని నాకు మెమో ఇచ్చారు. దుకాణం మీద నేను పోలీసులకిచ్చిన ఫిర్యాదు ఎక్కడుందో ఇప్పటికీ తెలియదు. ఎప్పుడడిగినా చూస్తున్నామంటారు. పేపరు వాళ్ళు మాత్రం సవరణ వేశారు, లోపలి పేజీలో, టెండర్ ప్రకటనల కింద.

ఆపరేషన్ జరిగింది. పాదం ముందుభాగంతో పాటు గజ్జల్లో బిళ్ళలూ తీశారు. వాటిలోకి జబ్బు పాకింది. ముందే వచ్చుంటే పాకేది కాదని సర్జన్ అనలేదు, పాకేదనీ అనలేదు. రోగనిరోధక కణాల్ని లేపి క్యాన్సర్ మీదికి పంపే ఇంజెక్షన్లు ఉన్నాయి. మాలాంటి వాళ్ళు ఎలుకలతో ఏళ్ళ తరబడి తంటాలు పడితేనే ఆ మందులు పుట్టాయి. వాటి ధర ఆ భార్యాభర్తల ఏళ్ళ సంపాదన కన్నా ఎక్కువ. ఉచిత పథకంలో వస్తాయేమోనని నేను తిరగని ఆఫీసు లేదు. దొరకలేదు. నకిలీ మందు జంక్షన్లో దొరుకుతుంది, అసలు మందు ఆకాశంలో ఉంటుంది. షాపతని మీద వచ్చిన కోపం కన్నా దీని మీద వచ్చిన కోపం నన్ను ఎక్కువ తింటోంది. దీన్ని ఏ కర్రతో లాగి పడెయ్యాలో తెలియదు.

కాంట్రాక్టరు ఆయన్ని తీసేశాడు. ఇప్పుడు సబ్బవరంలో ఆయన భార్య టిఫిన్ బండి పెట్టింది. ఆయన స్టూలు మీద కూర్చుని పొట్లాలు కడతాడు. మూడేసి నెలలకోసారి స్కాన్‌కి వస్తారు. ఇంతవరకూ కొత్తగా ఏమీ కనపడలేదు. రేపటి మాట ఎవరూ చెప్పలేరు.

ఈ మధ్య ఒక ఆదివారం చర్చి అయ్యాక అటు వెళ్ళాను. బండి దగ్గర ఒకతను నన్ను పట్టి పట్టి చూసి, "ఈవిడేనా, కేన్సర్‌కి మందు కనిపెట్టింది?" అని ఆయన్ని అడిగాడు.

"కాదు బావా" అన్నాడాయన, పొట్లానికి దారం చుడుతూ. "ఈ మేడం ఎలకల డాట్రు. మనుసులకి మందు కనిపెట్టలేదింకా."

ఆయన భార్య నాకు ఇడ్లీ పెట్టిన ప్లేటు ఇచ్చి, చట్నీ ఇంకా అందించలేదని ఆయన్ని విసుక్కుంది.