క్లచ్చుకు తలంటు

మొన్న వట్లూరులో మా ఇంటి ముందు ఆగిన మా మనవడి పికప్పు వ్యాను, చేపపిల్లల డబ్బాలు దించేసి తిరిగి కదలబోతూ, గేరు దగ్గర కరకరమని ఒక్క అరుపు అరిచింది. కాలేజీ నుంచి వస్తున్న పిల్లలు చెవులు మూసుకున్నారు, మా కోడలు పళ్ళు కొరుక్కుంది, మనవడు ఆ బండిని తయారుచేసినవాళ్ళను తిట్టాడు. నేను మాత్రం, ఎవరో చిన్ననాటి స్నేహితుడు పేరు పెట్టి పిలిచినట్టు, పడకకుర్చీలో లేచి కూర్చున్నాను. నా ఈడువాళ్ళకు వేరే చెప్పనక్కరలేదు గదా, మనకిప్పుడు మనుషుల మాటలు సగమే వినపడతాయి గాని పాత చప్పుళ్ళు మాత్రం పూర్తిగా వినపడతాయి.

అవి ముప్ఫైల నాటి రోజులు. రోడ్డు మీద మోటారు వస్తే కోళ్ళూ, కుక్కలూ, కరణంగారూ ఒకే వేగంతో పక్కకు దిగిపోయే కాలం. తాడేపల్లిగూడెంలో ఒక మోటారు షెడ్డులో డ్రైవింగు నేర్చుకుని, లైసెన్సు జేబులో పెట్టుకుని, నడపడానికి మోటారు లేక నడిచి తిరుగుతున్న నన్ను పెదపాడులో వ్యవసాయం చేసుకునే మా మేనమామ పిలిపించుకున్నాడు. ఆయన బండి ఎద్దుల జతను అమ్మేసి, ఎవరో జమీందారుగారు వాడి వాడి విసిగిన కారును కొని, వెనక సీట్లు పీకించి, అక్కడ చెక్కపెట్టె బిగించాడు. ముందు నుంచి చూస్తే పెళ్ళికొడుకు, వెనక నుంచి చూస్తే ధాన్యం పాతర. కొల్లేటికోట జాలర్లు తాటిదోనెల్లో ఒడ్డుకు తెచ్చే చేపలను, తడి జమ్ము కప్పిన గంపలతో సహా ఎత్తుకుని, సాయంత్రం రైలుకు ఏలూరు స్టేషనులో అందించడం మా పని.

మోటారు వచ్చిన నాటి నుంచి మా అత్తయ్య దాని నీడ కూడా తొక్కలేదు. ఎద్దులు వెళ్ళిపోయాయన్న దుఃఖం ఒకటీ, అంతకంటే పెద్దది ఇంకొకటీ ఉన్నాయి. ఇన్నేళ్ళుగా కాలవ మలుపులో ఎద్దుల గంటలు వినపడగానే ఆవిడ పొయ్యి మీద ఎసరు పెట్టేది. మావయ్య కాళ్ళు కడుక్కుని పీట మీద కూర్చునేసరికి అన్నం వేడివేడిగా దిగేది. ఇప్పుడు గంటలు లేవు, ఎసరుకు వేళ లేదు. ఆ ఇంట్లో ఎవరి మీదా గొంతెత్తని మా అత్తయ్య, మావయ్యకు చల్లారిన అన్నమే వడ్డించేది. ఆవిడ కోపానికి అంతకు మించి భాష ఉండేది కాదు, ఆయనకు అంతకు మించి శిక్షా అక్కరలేదు.

ఇక ఆ మోటారుకొక జబ్బు ఉండేది. క్లచ్చు తొక్కినప్పుడల్లా కీచుమని కూత పెట్టేది, లోపల ఒక బేరింగు పొడిబారిపోవడం వల్ల. కూత తప్ప వేరే ఇబ్బందేమీ లేదు. కాని ఇరుసు కీచుమంటే ఆముదం పోయాలని తాతల నాటి నుంచి తెలిసిన మనిషి మా మావయ్య. ఒకరోజు నేను ఊళ్ళో లేని సమయం చూసి, కాళ్ళ కింది పలకలు తీసి, క్లచ్చు గూట్లో దొరికిన కంతలోంచి ఇంట్లో ఉన్న ఆముదం సగానికి పైగా గుమ్మరించాడు. కూత ఆగింది. ఆయన మీసం లేచింది. తాడేపల్లిగూడెం చదువు ఏపాటిదో తేలిపోయిందని ఊరంతా చెప్పుకున్నాడు.

ఆముదం సంగతి మీకు తెలుసు. పోసిననాడు నూనె, నాలుగు రోజులు పోతే బంక. క్లచ్చు తొక్కినప్పుడు ఇంజనూ గేర్లూ క్షణకాలం వేరుపడాలి. అన్నదమ్ముల్లాగే, కాస్త వేరుపడితేనే సర్దుకుంటాయి. మా బండిలో ఆ బంక వాటిని విడిపోనివ్వలేదు. నేను పాదం నేలకంటా తొక్కినా గేరు పడదు, పళ్ళూ పళ్ళూ కరుచుకుని కరకరలాడతాయి. అలా ఒకరోజు కాలవ వంతెన ఎక్కబోయి నట్టనడుమ నిలబడిపోయాము. అల్లంత దూరాన రైలు కూసి, మమ్మల్ని పలకరించి వెళ్ళిపోయింది. చేపలు మర్నాటికి తమ సంగతి తామే ఊరంతా చాటుకున్నాయి.

జాలర్ల పెద్దాయన వచ్చి, తలగుడ్డ తీసి చేత్తో పట్టుకుని, మెత్తగా చెప్పాడు.

“తవరి మోటారు గొప్పదేనండి. మా చేపలకే అంత ఓపిక లేదండి. రేపు కూడా రైలు తప్పితే మళ్ళీ ఎడ్లబళ్ళకే ఎత్తేసుకుంటామండి, ఏవనుకోకండి.”

ఆ అండీలన్నిటి మధ్యా మా మావయ్య మోటారుకు ఉరితాడు పేనబడింది. ఆయన అరుగు మీద కూర్చుని, ఎద్దులు పోయాయి, మోటారు పోతోంది, ఇక నేనెందుకని మొదలుపెట్టాడు. పక్కింటి ముసలమ్మ దిష్టి తగిలిందని నిమ్మకాయలు పట్టుకొచ్చింది. ఎవరో శని గురించి చెప్పబోయారు. శనికి మా బండి ఎక్కే ధైర్యం లేదని నేనన్నాను.

“నవ్వకురా అల్లుడూ, కడుపు మండిపోతోంది! ఏం చెయ్యాలో చెప్పు!” అన్నాడు మావయ్య.

“చెయ్యడానికేవుంది మావయ్యా, నిండా ఆముదం పెట్టి కూర్చోబెట్టారు. తలంటు ఎవరు పోస్తారు? పండగపూట పిల్లాణ్ణయినా అలా వదిలేస్తారటండీ?”

నేను హాస్యానికే అన్నాను. అరుగు మీదివాళ్ళు నవ్వారు, మావయ్య నవ్వలేదు. లోపల మాత్రం రోకలి చప్పుడు మొదలైంది. తొంగి చూస్తే అత్తయ్య కుంకుడుకాయలు కొడుతోంది. నీళ్ళకాగు కింద మంట ఎగదోసి, కొంగు నడుముకు బిగించి, చెంబుతో కుంకుడు రసం పట్టుకుని, ఇన్నాళ్ళకు మొదటిసారి మోటారు దగ్గరకు నడిచి వచ్చింది.

“పొయ్యాల్సిందెక్కడో చూపించు నాయనా,” అంది నాతో. మావయ్య వైపు చూడలేదు.

నేను బండి కిందికి దూరి, గూడు అడుగున ఉన్న బిరడా విప్పాను. ముందు కిరసనాయిలు పోసి బంక కరిగించాను. ఆ తరువాత ఆవిడ పైనుంచి కుంకుడు రసం పోస్తుంటే మావయ్య ముందు నుంచి ఇంజను హ్యాండిలు తిప్పాడు, నేను కింద నురగలో స్నానం చేశాను. వేన్నీళ్ళతో కడిగాము, ఎండలో ఆరబెట్టాము. ఆవిడ అలవాటు కొద్దీ సాంబ్రాణి పొగ కూడా వేయబోతుంటే పెట్రోలు ఉందని చెప్పి ఆపాను. సగం గుణం కిరసనాయిలుదేనని నేను నాటి నుంచి నేటి వరకు చెబుతూనే ఉన్నాను, మా ఇంట్లో ఒక్కరూ ఒప్పుకోలేదు.

మర్నాడు గంపలెత్తుకుని బయలుదేరాము. వంతెన దగ్గర మావయ్య కళ్ళు మూసుకుని తలుపు పట్టుకున్నాడు. నేను క్లచ్చు తొక్కాను. గేరు వెన్నలో వేలు దిగినట్టు దిగింది. దాంతోపాటు, ఆముదం కడుక్కుపోయింది గనుక, పాత కూత కూడా కీచుమంటూ తిరిగి వచ్చింది. రైలు వచ్చేసరికి మా గంపలు ప్లాట్‌ఫారం మీద ఉన్నాయి. పెద్దాయన తలగుడ్డ తిరిగి తలకెక్కింది.

ఇంటికి తిరిగి వచ్చేసరికి పొద్దు వాలుతోంది. పీట వాల్చి ఉంది, ఎసరు మరుగుతోంది. కాలవ మలుపులో నేను గేరు మార్చినప్పటి కూత అత్తయ్యకు వినపడిందట. ఈసారి రెండు చుక్కలే వేసి ఆ కూత ఆపాలని మావయ్య ఉత్సాహంగా ఆముదం సీసా కోసం వెతికితే అది అటక మీదికి పోయి ఉంది.

“గంటలెలాగూ అమ్మేశారు. ఇదన్నా ఉండనివ్వండి,” అంది ఆవిడ. వేడి అన్నం వడ్డిస్తూ ఆయన మొహంలోకి చూసి అన్న మాట అది. మావయ్య మారు వడ్డించుకున్నాడు.

ఆ బేరింగుకు ఆ తరువాత ఎవరూ చెయ్యి పెట్టలేదు. చాలా ఏళ్ళకు ఆ బండి పోయి కొత్త లారీ వచ్చింది, దానికి ఏ కూతా లేదు. మొదటి సాయంత్రం మావయ్య కాళ్ళు కడుక్కుని వంటింట్లోకి వెళ్ళేసరికి, అత్తయ్య ఖాళీ పొయ్యి ముందు కూర్చుని, కాలవ వైపు చెవి పెట్టి ఉంది. ఆయన ఆవిడ వెనకే నిలబడి ఉన్నాడు, ఆవిడకు తెలియదు. నేను గుమ్మంలో ఆగిపోయాను. ఆ రోజు నాకు హాస్యమేమీ తోచలేదు.

మా మనవడు నిన్న వ్యానును ఏలూరు తీసుకువెళ్ళి, పాత క్లచ్చు ప్లేటు పారేసి కొత్తది వేయించుకొచ్చాడు. కడగడం, ఆరబెట్టడం ఇప్పుడెవరూ చేయరు, మార్చేస్తారు; మంచిదే, బండి మహా మెత్తగా నడుస్తోందట. సాయంత్రం వాడి కోసం వీధి వైపు చెవి పెట్టుకుని పడకకుర్చీలో కూర్చున్నాను. “భోంచేశారా తాతయ్యా?” అని వెనక నుంచి వాడే అడిగాడు. అప్పటికే వాడొచ్చి, తిని, చెయ్యి కూడా కడుక్కున్నాడు.