కార్డు చూపిస్తేనే కత్తెర

మా మావయ్య కత్తెర పట్టే ముందు ఓటరు కార్డు అడుగుతాడు. కార్డు లేనివాడికి ఆయన సెలూన్లో కుర్చీ లేదు. కార్డు ఉన్నవాడికి కుర్చీ దొరుకుతుంది గానీ కోరిన క్రాపు దొరకదు. కార్డు మీది ఫొటోలో జుట్టు ఎలా ఉందో అలాగే కత్తిరిస్తాడు. ఫొటో దిగి ఎన్నేళ్లయినా సరే, అందులో పాపిడి ఎడమవైపు ఉంటే ఇప్పుడూ ఎడమవైపే.

ఇలా ఇప్పుడు ఎవరూ ఉంచుకోవడం లేదని ఎవరైనా మొత్తుకుంటే, "ఆ మాట ఓటేసే రోజు బల్ల దగ్గరివాళ్లకి చెప్పుకో" అంటూ వాడి తల వంచేస్తాడు.

చట్టం అలాంటిది మరి. దొంగ ఓట్లు ఆపడానికట, మనిషి ముఖమూ కార్డు మీది ఫొటోవూ సరిపోవాలన్నారు. మా వీధిలో దొంగ ఓటు వేసినవాణ్ణి నేనింతవరకు చూడలేదు. ఓట్లు దోచుకున్నవాళ్లని మాత్రం చూశాను. వాళ్లకి ఎండలో వరసలో నిలబడే అవసరం ఎప్పుడూ రాలేదు. పైగా వాళ్ల ఫొటోలు గోడగోడకీ ఉంటాయి, ఒక్కటీ వాళ్లలా ఉండదు. దాన్ని మాత్రం ఏ చట్టమూ అడగదు.

ఒక పెళ్లికొడుకు పెళ్లి రోజు పొద్దున్నే వచ్చి కుర్చీ ఎక్కాడు. వాడు కార్డు ఫొటో దిగింది కామెర్లు తగ్గి మంచం దిగిన వారంలో. మావయ్య కార్డు చూసి, వాణ్ణి చూసి, కణతల దగ్గర ఎంత తీయాలో అంత తీసి, మళ్లీ కామెర్ల మనిషిని చేసి పంపాడు. పెళ్లికూతురి మేనత్త వాణ్ణి పక్కకి పిలిచి, జబ్బేమైనా ఉంటే ఇప్పుడే చెప్పెయ్యమందట. మర్నాడు వాడు దెబ్బలాటకి వచ్చాడు. మావయ్య ఓపిగ్గా అంతా విని, వాడి చెంప పక్కన కార్డు పెట్టి చూసి, "అచ్చుగుద్దినట్టున్నావురా" అని మురిసిపోయాడు.

మందుల షాపాయనకి ఫొటోలో ఒత్తయిన జుట్టు. ఇప్పుడు చెవుల మీద తప్ప ఎక్కడా లేదు. మావయ్య కార్డు పట్టుకుని ఆయన తల చుట్టూ తిరిగాడు. "మిగతాది ఎక్కడ పెట్టారండీ" అని చాలా మర్యాదగా అడిగాడు. ఆయన చాన్నాళ్లు మాట్లాడలేదు. మాట్లాడకుండానే వచ్చి గడ్డం చేయించుకునేవాడు. వీధిలో ఇంకో సెలూన్ లేదు మరి.

నా సంగతి చెప్పక్కర్లేదు. నేను మెడ దాకా జుట్టు పెంచుకుని, లోకాన్ని అసహ్యించుకునేవాడికి ఉండాల్సిన ముఖం ఒకటి కష్టపడి తయారుచేసుకున్నాను. కార్డు మీద నాకు పద్దెనిమిదేళ్లు, తలనిండా నూనె. మావయ్య నన్ను ఆ నూనె వెధవ దగ్గరికే తిరిగి పంపేవాడు.

ఈ పిచ్చి ఆయనకి పుట్టుకతో రాలేదు. పోయిన ఎన్నికల మర్నాడు మొదలైంది.

ఆయనకీ మా అమ్మకీ పెద్దక్క, మా పెద్దమ్మ, మా ఇంట్లోనే ఉంటుంది. మా వార్డు సభ్యుడు వీధి చివరి ఆసుపత్రి మూయించి, ఆ స్థలంలో దుకాణాలు కట్టించాడు. ఆ ఏడాదే పెద్దమ్మకి పెద్ద జబ్బు చేసింది. ఒక్కో ఇంజెక్షనుకి రెండు బస్సులు మారి వెళ్లొచ్చేది. మందులకి జుట్టంతా ఊడిపోయింది. మళ్లీ వచ్చింది గానీ వేలెడు దాటలేదు. కార్డు మీద మాత్రం ఆమెకి పిడికిట్లో పట్టనంత ముడి. ఆ ఎన్నికల్లో పోలింగ్ బల్ల దగ్గరి కళ్లజోడాయన కార్డు చూసి, ఆమెను చూసి, "అమ్మా, ఫొటోలో ఉన్న ఆవిణ్ణి పంపండి" అన్నాడు.

ఆమె వెనకే నిలబడ్డ మందుల షాపాయన బట్టతలని మాత్రం లోపలికి పంపాడు. మగవాడి తలకి వయసు వస్తుందని ఆయనకి తెలుసు. ఆడదాని తలకి జబ్బు వస్తుందని తెలియదు.

కొత్త కార్డు కోసం ఆఫీసుకి వెళితే ఇంకా బాగుంది. కొత్త ఫొటో తీయాలంటే పాత ఫొటోతో ముఖం సరిపోవాలన్నారు. సరిపోతే కొత్తది ఎందుకయ్యా అని నేనడిగాను. నన్ను బయట కూర్చోమన్నారు. మా వీధి కాంట్రాక్టరు, ఊరందరికంటే పెద్ద మీసం ఉన్న మనిషి, ఇది విని పెదవి చప్పరించాడు. ఒక్క కార్డు సరిగ్గా ఉంచుకోలేనివాళ్లకి ఓటెందుకని ఆయన అభిప్రాయం.

ఈసారి మళ్లీ అదే సభ్యుడు నిలబడ్డాడు. విగ్గు పెట్టుకో పెద్దమ్మా అన్నాను. వినలేదు. "ఎవరి జుట్టో పెట్టుకెళ్లి, ఇది నేనే అని చెప్పమంటావా? నేను బతికిందే వాడికి వ్యతిరేకంగా ఓటెయ్యడానికిరా" అంది. మావయ్య అక్కడే కూర్చుని కత్తెర తుడుస్తున్నాడు. 

పోలింగ్ ముందురోజు సెలూన్ బయట 'ఈరోజు ఉచితం' అని బోర్డు పెట్టాడు. ఆ మాట చూస్తే మా వీధిలో జుట్టు లేనివాళ్లు కూడా వస్తారు, వచ్చారు. అద్దం పగిలిందని దాని మీద దుప్పటి కప్పాడు. అలవాటు ప్రకారం ఒక్కొక్కణ్ణీ కార్డు అడిగి, దానివైపు తదేకంగా చూసి, వేడి తువ్వాలు ముఖం మీద వేసి పని కానిచ్చాడు. కళ్లు మూసుకుని కూర్చున్నవాళ్లలో నేనూ ఉన్నాను. ఇంటిదారిలో తల తడుముకుంటే గుండుకి పిసరంత తక్కువ. మీసాలు లేవు. మిగతావాళ్లు రోడ్డు మీద ఇంకొకడు అలాగే ఎదురైతే, పాపం వాడి కార్డులో అలా ఉంది కాబోలనుకుని ముందుకి నడిచారు. పక్కవాడి మీద జాలిపడే అవకాశం మా వీధివాళ్లు వదులుకోరు. ఇంటికెళ్లి అద్దం చూసుకున్నాకే గోల మొదలైంది. అప్పటికి మావయ్య షట్టర్ దించేసి మాయమయ్యాడు.

నాకు తలుపు తీసిన పెద్దమ్మ నన్ను చూసి, కూర్చుని మరీ నవ్వింది. "నాకంటే పొట్టిగా కొట్టాడేమిట్రా" అంది.

మర్నాడు బల్ల దగ్గర అదే కళ్లజోడాయన. మొదటివాణ్ణి పంపాడు. రెండోవాడొచ్చాడు. మూడోవాడొచ్చాడు. ఒకే మనిషి మళ్లీ మళ్లీ వస్తున్నాడని ఆయనకి అనుమానం వచ్చింది. నాలుగోవాడిగా వచ్చిన కాంట్రాక్టరుని ఆపేశాడు.

"ఫొటోలో ఉన్నది మీరు కాదు. ఆయనకి మీసం ఉంది."

"నేను కాకపోతే ఇంకెవడయ్యా? వెంట్రుకలు చూసి మనిషిని గుర్తుపడతావా? కళ్లు చూడు, ముక్కు చూడు."

వెనకనున్న వరసంతా అదే పాట అందుకుంది. కళ్లు చూడమని, ముక్కు చూడమని, వెంట్రుకలతో ఏం పనని. పోయినసారి పెద్దమ్మ ఓటు పోయినప్పుడు వీళ్లంతా ఇక్కడే ఉన్నారు. ఒక్కడికీ గొంతు లేవలేదు. ఓటు పోతే రాని కోపం మీసం పోతే వచ్చింది. ప్రజాస్వామ్యాన్ని కాపాడాలంటే ముందు దానికి మీసాలు మొలిపించాలని ఆ పూటే నాకు అర్థమైంది.

కళ్లజోడాయన చెమట తుడుచుకుని కళ్లూ ముక్కూ చూడటం మొదలుపెట్టాడు. కాంట్రాక్టరు వెళ్లాడు, మందుల షాపాయన వెళ్లాడు, నేను వెళ్లాను. నా వెనక పెద్దమ్మ తల మీది కొంగు తీసి, కార్డు చెంప పక్కన పెట్టుకుని, "నావీ కళ్లే, చూడు నాయనా" అంది. ఆయన ఆమెను చూశాడు, వరసకేసి చూశాడు, పేరు రాసుకుని లోపలికి పంపాడు.

ఫలితాలొచ్చాయి. గెలిచింది ఆ సభ్యుడే. నేను తిట్టాను, పెద్దమ్మ మాత్రం తీరిగ్గా, "మెజారిటీ అయితే తగ్గిందిగా, అందులో ఒక ఓటు నాది" అంది.

మావయ్యకి తర్వాత చాలా రోజులు బేరం లేదు. వీధిలో కత్తిరించడానికి జుట్టుంటే కదా. ఖాళీ కుర్చీ పక్కన పేపరు చదువుకుంటూ కూర్చునేవాడు. ఆయన తల మాత్రం నిక్షేపంగా ఉంది, నున్నగా దువ్విన ఎడమ పాపిడితో. అందరినీ చెడగొట్టి నువ్వు బాగున్నావేం మావయ్యా అని నిలదీశాను. "నా కార్డులో ఇలాగే ఉందిరా. చట్టం చట్టమే" అన్నాడు, పేపరులోంచి తలెత్తకుండా.

అప్పుడే పెద్దమ్మ ఆయనకి అన్నం క్యారేజీ తెచ్చింది. నడిచొచ్చిన ఆయాసానికి ఆ ఖాళీ కుర్చీలో కూలబడింది. మెడ మీద జుట్టు కాస్త చికాకుగా ఉంది, సరిచెయ్యరా అంది. మావయ్య లేచి, తువ్వాలు దులిపి, ఆమె భుజాల మీద కప్పి, చెయ్యి చాచాడు.

"కార్డేదక్కా?"

పెద్దమ్మ తువ్వాలు కిందనుంచి సిరా మరకున్న వేలు తీసి చూపించింది.